జీపీఎస్ టైమింగ్ రిసీవర్‌ను ఒకే వేడిలో ఉంచడం ఎలా?

"లాక్ అయిందనే చూపిస్తోంది, పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. అయినా 10 మెగాహెర్ట్‌జ్ గీత ఎందుకు ఊగుతోంది?" ఉపగ్రహాల గడియారాన్ని విని ఖచ్చితమైన సమయాన్నీ 10 మెగాహెర్ట్‌జ్ సంకేతాన్నీ ఇచ్చే జీపీఎస్ టైమింగ్ రిసీవర్‌ను ఇంట్లోనో కాలేజీ ల్యాబులోనో పెట్టుకున్నవాళ్లు అడిగే ప్రశ్నల్లో చాలావరకు చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతాయి. ఏసీలు మొదలయ్యే మార్చి నుంచి మరీ ఎక్కువ. యాంటెన్నా మారుస్తారు, కేబుల్ మారుస్తారు, కొత్త రిసీవర్ కొంటారు. ఊగడం మాత్రం ఆగదు, ఎందుకంటే అది పుడుతున్నది రిసీవర్ లోపల ఆ ఫ్రీక్వెన్సీని పుట్టించే క్వార్ట్జ్ క్రిస్టల్‌లో. దానికి చేరుతున్న వేడిలో నిలకడ లేదు.

ఉదాహరణలకు ట్రింబుల్ థండర్‌బోల్ట్‌ను తీసుకుంటున్నాను. పాత సామాను మార్కెట్లో దొరుకుతుంది, తన ఉష్ణోగ్రతనూ డాక్ వోల్టేజినీ (క్రిస్టల్ ఫ్రీక్వెన్సీని దిద్దడానికి రిసీవర్ ఇచ్చే వోల్టేజి) తానే చెబుతుంది, లేడీ హెదర్ అనే ఉచిత ప్రోగ్రాంతో గ్రాఫులు చూసుకోవచ్చు. ఓవెన్ ఉన్న క్రిస్టల్‌ను, అంటే చిన్న హీటరుతో ఒకే వేడిలో ఉంచే క్రిస్టల్‌ను, జీపీఎస్‌తో దిద్దే పరికరం మరేదైనా పద్ధతి ఇదే.

సిద్ధాంతం నాలుగు ముక్కల్లో చెబుతాను. ఉపగ్రహాల నుంచి వచ్చే సమయం రోజుల లెక్కన చూస్తే చాలా ఖచ్చితం, కానీ ఏ సెకనుకా సెకను చూస్తే పది, ఇరవై నానోసెకన్లు అటూ ఇటూ ఉంటుంది. ఓవెన్ క్రిస్టల్ దీనికి తిరగబడి ఉంటుంది: సెకన్ల లెక్కన నున్నగా నడుస్తుంది, గంటలు గడిస్తే దారి తప్పుతుంది. కొద్దిసేపటికి క్రిస్టల్‌ను, ఎక్కువసేపటికి ఉపగ్రహాన్ని నమ్మేలా రిసీవర్‌ను తయారుచేస్తారు. ఆ రెంటి మధ్య సరిహద్దే టైమ్ కాన్‌స్టెంట్. థండర్‌బోల్ట్‌లో ఫ్యాక్టరీ నుంచి అది 100 సెకన్లు.

వేడి చాలా నెమ్మదిగా మారితే లూప్, అంటే జీపీఎస్‌తో పోల్చుతూ క్రిస్టల్‌ను దిద్దే ఏర్పాటు, దాన్ని పట్టుకుని సరిదిద్దుతుంది. మరీ వేగంగా, సెకన్లలో మారితే ఓవెన్ దాన్ని క్రిస్టల్‌దాకా రానివ్వదు. ఈ రెండింటికీ మధ్య, కొన్ని నిమిషాల నుంచి అరగంట దాకా ఉండే మార్పులే ప్రమాదం. ఏసీ కంప్రెసర్ ఆగి మళ్లీ తిరిగే వ్యవధి సరిగ్గా అందులోనే పడుతుంది. అందుకే కావలసింది చల్లదనం కాదు, నిలకడ. 44 డిగ్రీల దగ్గర కదలకుండా ఉన్న మూసిన పెట్టె, 23కూ 26కూ మధ్య ఊగే ఏసీ గదికన్నా రిసీవర్‌కు మంచి చోటు. ఈ ఒక్క మాట నమ్మితే కింది పనులన్నీ తేలికవుతాయి.

అంకెల్లో చూద్దాం. మీ క్రిస్టల్ డిగ్రీకి వెయ్యి కోట్లలో 1 వంతు కదులుతుందనుకోండి. 10 నిమిషాల్లో వేడి 2 డిగ్రీలు పెరిగితే, లూప్ కలగజేసుకోకపోతే రిసీవర్ సెకనుకొకసారి ఇచ్చే పల్స్ 60 నానోసెకన్లు పక్కకు జరుగుతుంది. లూప్ అందులో కొంత సరిదిద్దుతుంది, కొంత మీ గ్రాఫులో మిగులుతుంది.

కావలసినవి

- రిసీవర్, దాని సీరియల్ కేబుల్, లాగ్ రాసే కంప్యూటర్. పాతదైనా చాలు.
- డీఎస్18బీ20 సెన్సర్లు మూడు. ఇవి అర డిగ్రీ తప్పు చూపించవచ్చు, దానితో మనకు పని లేదు. 0.0625 డిగ్రీల మార్పును గుర్తుపడతాయి, మనకు కావలసింది అదే.
- కడప బండ ముక్క, సుమారు 45 సెంటీమీటర్ల చదరం, 2 సెంటీమీటర్ల మందం. తాండూరు బండైనా, గ్రానైటు ముక్కైనా ఫరవాలేదు. రాతి దుకాణం పక్కన పడి ఉన్న తునకలు చాలు.
- బండ మీద పట్టే మూత పెట్టె. చెక్కది లేదా మందపాటి ప్లాస్టిక్‌ది.
- 2 సెంటీమీటర్ల మందం థర్మోకోల్ పలకలు, అల్యూమినియం టేపు.
- సన్నని కన్నాల స్టీలు జాలీ. కేబుళ్లు దూరే రంధ్రాలకు.
- వాట్లు చూపే మీటరు, లేదా మల్టీమీటరు.
- తర్వాతి దశకు మాత్రం: వేగం మార్చగలిగే 12 వోల్టుల చిన్న ఫ్యాను, దాన్ని నడిపే చిన్న బోర్డు.
- యూపీఎస్. దీన్ని తర్వాత చూద్దామని వదిలేయకండి.

1. ముందు ఉన్నది ఉన్నట్టు నమోదు చేయండి

ఏదీ కదపకుండా కనీసం మూడు రోజుల లాగ్ తీసుకోండి. అందులో ఏసీ నడిచిన రాత్రి ఒకటైనా ఉండాలి. ఒక సెన్సర్ రిసీవర్ ఒంటి మీద, రెండోది దానికి జానెడు దూరంలో గాలిలో, మూడోది గదికి అవతలి మూల పెట్టండి. రిసీవర్ నుంచి ఉష్ణోగ్రత, డాక్ వోల్టేజి, పల్స్ ఆఫ్‌సెట్ (ఆ పల్స్ జీపీఎస్ సమయానికి ఎంత పక్కకు ఉందో) మూడూ రాయించండి. పది సెకన్లకొకసారి చాలు.

ఇప్పుడు ఉష్ణోగ్రత గీతనూ డాక్ వోల్టేజి గీతనూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. రెండూ ఒకే లయలో లేస్తూ పడుతూ ఉంటే, లేదా ఒకటి లేచినప్పుడల్లా రెండోది పడుతూ ఉంటే, మీ సమస్య వేడే. రెంటికీ పొంతన లేకపోతే ఇక్కడే ఆగండి: మీ తప్పు యాంటెన్నాలోనో, విద్యుత్ సరఫరాలోనో ఉంది, పెట్టె కట్టినా తీరదు.

హెచ్చరిక: కొన్ని థండర్‌బోల్ట్‌లలో లోపలి సెన్సర్ ఉష్ణోగ్రతను మెట్లు మెట్లుగా, మోటుగా చదువుతుంది. గ్రాఫులో గీత నున్నగా కాకుండా గడపలు ఎక్కినట్టు కనిపిస్తే దాన్ని పక్కనబెట్టి, మీరు అతికించిన సెన్సర్‌నే నమ్మండి.

2. చోటు ఎంచుకోండి

డబ్బు ఖర్చు కాకుండా ఎక్కువ లాభం ఇచ్చే పని ఇదే, చాలామంది దాటేసేదీ ఇదే.

అటక మీద పెట్టకండి. పైన స్లాబు పగలంతా ఎండను తాగి రాత్రి వదులుతుంది. పడమటి గోడకు ఆనించకండి, సాయంత్రం ఆ గోడ వేడిని లోపలికి తోస్తుంది. సీలింగ్ ఫ్యాను గాలి నేరుగా తగిలే బల్ల మీద, కిటికీ పక్కన, కూలర్ ఎదుట, ఫ్రిజ్ వెనక వద్దు. ఏసీ ఉన్న గదిని వీలైతే పూర్తిగా వదిలేయండి.

మంచి చోటు ఏదంటే, ఇంటి మధ్యలో నాలుగు వైపులా లోపలి గోడలే ఉన్న గదిలో గోడలోకి కట్టిన అలమర, దాని అడుగు అర. మన పాత ఇళ్లలో అలమర అరలు కడప బండలతోనే వేసి ఉంటాయి. బండ మీద, నేలకు దగ్గరగా, తలుపు మూసి. రోజుకు పదిసార్లు తెరిచే అలమర మాత్రం పనికిరాదు.

చోటు మార్చి మళ్లీ రెండు రోజులు లాగ్ తీయండి. చాలా ఇళ్లలో ఊగడం ఇక్కడికే సగానికి సగం తగ్గుతుంది, కొందరికి మిగతా పని అక్కరే ఉండదు.

3. వేడి పుట్టించేవాటిని వేరు చేయండి

విద్యుత్ సరఫరా అడాప్టరు, రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్ బోర్డు), నెట్‌వర్క్ స్విచ్ పెట్టె బయటే ఉండాలి. వీటి వేడి పనిని బట్టి మారుతుంది. పెట్టెలో వేడి పుట్టించేది రిసీవర్ ఒక్కటే కావాలి, అదీ ఎప్పుడూ ఒకే మోతాదులో.

రిసీవర్ ఎన్ని వాట్లు తాగుతోందో కొలవండి. స్విచ్ వేసిన వెంటనే ఓవెన్ వేడెక్కడానికి ఎక్కువ తీసుకుంటుంది, కాబట్టి ఒక గంట ఆగి కొలవండి. కింది లెక్కలకు 10 వాట్లు అనుకుంటున్నాను. మీ అంకె మీరు వేసుకోండి.

4. పెట్టె కట్టండి

అడుగున థర్మోకోల్ పలక, దాని మీద కడప బండ, బండ మీద రిసీవర్. రిసీవర్ అడుగు బండకు పూర్తిగా ఆనాలి. రబ్బరు కాళ్లు ఉంటే తీసేయండి, గాలి సందు మిగిలితే బండ ఉండీ లేనట్టే. పైన మూత పెట్టె బోర్లించి, దాని బయటి వైపున థర్మోకోల్ అతికించండి. రిసీవర్‌కూ పెట్టె గోడకూ మధ్య అన్ని వైపులా నాలుగు వేళ్ల ఖాళీ వదలండి.

కేబుళ్లన్నీ ఒకే మూల నుంచి బయటికి తీయండి. రంధ్రానికి జాలీ బిగించండి. ఇది అలంకారం కాదు: వెచ్చని మూసిన పెట్టె చీమలకూ బల్లులకూ ఎంతో ఇష్టం, సర్క్యూట్ బోర్డు మీద చీమల పుట్ట ఎంత నష్టం చేస్తుందో చెప్పనక్కర్లేదు. యాంటెన్నా కేబుల్‌ను పెట్టెలోకి వెళ్లేముందు బండ అంచుకు ఒక చుట్టు చుట్టి టేపు వేయండి. లేకపోతే కేబుల్ రాగి బయటి వేడిని సూటిగా కనెక్టరుకు మోస్తుంది.

హెచ్చరిక: రిసీవర్ చుట్టూ థర్మోకోల్‌ను కుక్కకండి. ఓవెన్ తన లోపలి వేడిని పట్టి ఉంచగలగాలంటే బయట దానికన్నా చల్లగా ఉండాలి. వేడి బయటికి పోయే దారి లేకపోతే ఓవెన్ తన హీటరును పూర్తిగా ఆపేసినా ఉష్ణోగ్రత పెరుగుతూనే ఉంటుంది. ఆ క్షణం నుంచి మీది ఓవెన్ క్రిస్టల్ కాదు, మామూలు క్రిస్టల్. దానికి తోడు లోపలి కెపాసిటర్లు త్వరగా చెడతాయి.

5. పెట్టె ఎంత వేడెక్కుతోందో కొలవండి

మూత వేసి ఒక రోజు వదిలేయండి. గది ఉష్ణోగ్రత అంతగా మారని వేళ, తెల్లవారుజామున, లోపలి గాలికీ గదికీ తేడా చూడండి. ఆ తేడాను వాట్లతో భాగించండి. 10 వాట్లకు 15 డిగ్రీలు పెరిగితే మీ పెట్టె అంకె 1.5, అంటే వాటుకు ఒకటిన్నర డిగ్రీ.

ఇప్పుడు మే నెల లెక్క వేయండి. విజయవాడలోనో రామగుండంలోనో మూసిన గది 38 డిగ్రీలుంటే పెట్టె లోపల 53. మీ పరికరం పుస్తకంలో గరిష్ఠ ఉష్ణోగ్రత ఎంత రాసి ఉందో చూడండి. దానికి కనీసం 5 డిగ్రీలు తక్కువలో ఉండాలన్నది నా పట్టుదల. మించితే థర్మోకోల్ మందం తగ్గించండి, లేదా ఒక వైపు పలక పూర్తిగా తీసేయండి.

అదే అంకెతో పెట్టె ఎంత మందకొడిగా ఉందో కూడా తెలుస్తుంది. 45 సెంటీమీటర్ల బండ సుమారు 11 కిలోలు, ఒక డిగ్రీ వేడెక్కడానికి 9 కిలోజౌళ్లకు పైగా పట్టుకుంటుంది. దాన్ని 1.5తో గుణిస్తే దాదాపు 14,000 సెకన్లు, నాలుగు గంటలకు కాస్త తక్కువ. 15 నిమిషాలకొకసారి తిరిగే ఏసీ ఊపు కాగితం మీద వందో వంతుకు పడిపోవాలి. నిజంలో బండ మొత్తం పాలుపంచుకోదు, ఇరవయ్యో వంతుకు తగ్గినా గ్రాఫు ఆనవాలు పట్టలేనంతగా మారుతుంది. కానీ పగటికీ రాత్రికీ ఉన్న తేడాలో ఈ పెట్టె మూడో వంతు కూడా తగ్గించలేదు. అంత నెమ్మది మార్పును లూప్ చూసుకుంటుంది కాబట్టి చాలామందికి ఇది చాలు. చాలదనుకుంటేనే 6వ దశ.

బండ దొరకకపోతే మూత బిగించిన నీళ్ల సీసాలు వాడవచ్చు. బరువుకు బరువు నీరు రాయికి ఐదు రెట్లు వేడిని పట్టుకుంటుంది. అయితే సీసాలు రిసీవర్ కంటే కిందే ఉండాలి, పై భాగంలో కాస్త ఖాళీ వదలాలి. కరెంటు పక్కన నీళ్లు పెట్టడం నాకు నచ్చదు. బండ దొరికినంతవరకు బండే వాడండి.

6. ఫ్యానుతో ఒక అంకె దగ్గర కట్టేయడం (కావాలనుకుంటేనే)

పెట్టె గోడకు ఫ్యాను బిగించి, లోపల వేడి పెరిగితే వేగం పెరిగేలా, తగ్గితే తగ్గేలా నడపాలి. లేడీ హెదర్‌లో ఈ నియంత్రణకు సదుపాయం ఉంది. చిన్న మైక్రోకంట్రోలరుతో మీరే రాసుకోవచ్చు.

ఇక్కడ అందరూ తడబడేది ఏ ఉష్ణోగ్రత దగ్గర నిలపాలి అన్న చోట. ఫ్యాను చల్లబరచలేదు, పెరుగుదలను తగ్గించగలదు, అంతే. ఫ్యాను ఆగి ఉన్నప్పుడు గది కంటే 15 డిగ్రీలు ఎక్కువ, పూర్తి వేగంలో 5 డిగ్రీలు ఎక్కువ ఉంటుందని మీరు కొలిచారనుకుందాం. వేసవిలో గది 30 నుంచి 38 మధ్య తిరుగుతుంటే, 38 దగ్గర మీ చేతిలో ఉన్నది 43–53. 30 దగ్గర 35–45. రెంటికీ ఉమ్మడిగా మిగిలేది 43–45. అంటే 44 పెట్టాలి. చలికాలంలో గది 20–28 మధ్య ఉంటే అదే లెక్కన 34 వస్తుంది. సంవత్సరమంతా ఒకే అంకె పెడితే సగం కాలం ఫ్యాను పూర్తిగా ఆగిపోయో, పూర్తిగా తిరుగుతూనో ఉంటుంది, నియంత్రణ ఉండదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఆ వారంలో వేసవి అంకెకు మార్చండి. దీపావళి దాటాక చలికాలం అంకెకు. మార్చిన ప్రతిసారీ క్రిస్టల్ కొత్త వేడికి అలవాటు పడడానికి రెండు మూడు రోజులు ఇవ్వండి, ఆ రోజుల లాగ్‌ను లెక్కలోకి తీసుకోకండి.

హెచ్చరికలు రెండు. ఫ్యాను గాలి రిసీవర్ మీదికి సూటిగా కొట్టకూడదు. మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టి గాలిని గోడల వెంట తిప్పండి. రెండోది, బజారులో దొరికే ఆన్–ఆఫ్ థర్మోస్టాట్ బోర్డులు వాడకండి. అవి ఒక డిగ్రీ పైకి పోయాక ఆన్, ఒక డిగ్రీ కిందికి దిగాక ఆఫ్ అవుతాయి. ఏసీ చేసే పనే పెట్టె లోపల మళ్లీ మొదలవుతుంది. పెల్టియర్ పలకలూ (కరెంటుతో ఒక వైపు చల్లబడేవి) వద్దు, వానాకాలంలో చల్లటి వైపు నీరు పట్టి బోర్డు మీదికి జారుతుంది.

7. మీ క్రిస్టల్ వేడికి ఎంత స్పందిస్తుందో కొలవండి

దీన్ని చాలామంది చేయరు. చేసినవాళ్లకు మాత్రం ఇంకెంత శ్రమ పడాలో, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

రిసీవర్ కనీసం ఒక వారం ఆగకుండా నడిచి ఉండాలి. దాన్ని చేతితో హోల్డోవర్‌లోకి పంపండి, అంటే జీపీఎస్ దిద్దుబాటు ఆపి క్రిస్టల్‌ను దాని మానాన వదలండి. పల్స్ ఆఫ్‌సెట్ గీత ఏ వాలులో పోతోందో అరగంట చూడండి. తర్వాత ఫ్యాను తగ్గించో, పెట్టె మీద దుప్పటి కప్పో వేడిని 5 డిగ్రీలు పెంచండి. కొత్త వేడి దగ్గర నిలిచాక మళ్లీ వాలు చూడండి. రెండు వాలుల తేడా 1,000 సెకన్లకు 100 నానోసెకన్లు వచ్చిందనుకోండి. అది వెయ్యి కోట్లలో 1 వంతు. 5 డిగ్రీలతో భాగిస్తే డిగ్రీకి వెయ్యి కోట్లలో 0.2 వంతు. ఇది బాగున్న క్రిస్టల్. డిగ్రీకి 1 దాటితే పెట్టె తప్పనిసరి.

హోల్డోవర్ వద్దనుకుంటే డాక్ వోల్టేజి నుంచి లెక్క కట్టవచ్చు. థండర్‌బోల్ట్‌లలో ఒక వోల్టుకు ఫ్రీక్వెన్సీ కొన్ని హెర్ట్‌జ్ కదులుతుంది. అది 3.5 హెర్ట్‌జ్ అనుకుంటే, 1 మిల్లీవోల్టు మార్పు వెయ్యి కోట్లలో 3.5 వంతులకు సమానం.

హెచ్చరిక: ఆ పల్స్ మీద ఆధారపడి వేరే పరికరాలు నడుస్తుంటే ఈ పరీక్ష చేయకండి. హోల్డోవర్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు పల్స్ ఒక్కసారిగా గెంతవచ్చు.

8. ఇప్పుడు టైమ్ కాన్‌స్టెంట్ పెంచండి

పెట్టె కట్టినందుకు ప్రతిఫలం ఇక్కడ దక్కుతుంది. వేడి నిలకడగా ఉంటే క్రిస్టల్‌ను ఎక్కువసేపు నమ్మవచ్చు, ఉపగ్రహాల సెకను సెకనుకూ ఉండే కలత ఫ్రీక్వెన్సీలోకి రాదు. 100 నుంచి 200కు, తర్వాత 500కు వెళ్లండి. ప్రతి మెట్టు దగ్గర మూడు నాలుగు రోజులు ఆగండి. పల్స్ ఆఫ్‌సెట్ గీతలో పగలూ రాత్రీ లయ బయటపడడం మొదలైతే ఒక మెట్టు వెనక్కి రండి, మీ పెట్టె మోయగలిగింది అంతే. పెట్టె లేకుండా నేరుగా 1,000 పెట్టి, రిసీవర్ పాడైందని నిర్ధారించుకునేవాళ్లు ఎక్కువ. పాడైంది రిసీవర్ కాదు, వేడి ఊపును దిద్దే అవకాశాన్ని మీరే దాని చేతిలోంచి లాగేసుకున్నారు.

9. ఫలితం సరిచూడండి

మొదటి దశలో తీసిన గ్రాఫులూ ఇప్పటివీ పక్కపక్కన, ఒకే స్కేలులో పెట్టండి. స్కేలు దానంతట అదే మారేలా వదిలితే ప్రతి గ్రాఫూ ఒకేలా భయపెడుతుంది. నా కొలమానాలు ఇవి: ఏ పది నిమిషాల్లోనూ రిసీవర్ ఒంటి వేడి 0.1 డిగ్రీకి మించి మారకూడదు. ఏసీ వేళలు డాక్ గీత చూసి చెప్పలేకపోవాలి. ఈ రెండూ కుదిరితే పెట్టె పని చేస్తోంది.

అయితే రిసీవర్ తన గురించి తాను చెప్పుకునే పల్స్ ఆఫ్‌సెట్ సగం నిజమే. ఉపగ్రహ సంకేతం దారిలో ఆలస్యమైతే అది ఆ గీతలో కనిపించదు. బయటి సాక్షి కావాలంటే రుబీడియం అణు గడియారమో రెండో రిసీవరో పెట్టి, టైమ్ ఇంటర్వెల్ కౌంటరుతో రెండు పల్సుల మధ్య తేడా రాయించండి. ఆ లాగ్‌ను టైమ్‌ల్యాబ్ అనే ప్రోగ్రాంలో వేసి ఆలన్ డీవియేషన్ (వేర్వేరు వ్యవధుల్లో ఫ్రీక్వెన్సీ ఎంత ఊగుతోందో చెప్పే గీత) చూస్తే, వేడి ఊపు ఉన్నచోట గీతలో ఒక మూపురం లేస్తుంది. 15 నిమిషాల ఏసీ ఊపు అందులో మూడో వంతు నుంచి సగం దాకా, అంటే 300–450 సెకన్ల దగ్గర కనిపిస్తుంది.

ఇక్కడ మన ప్రాంతంవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. భూ అయస్కాంత మధ్యరేఖ భారతదేశం దక్షిణ కొస మీదుగా పోతుంది. అయనోవరణంలో (ఆకాశంలో విద్యుదావేశం ఉన్న పై పొర) ఎలక్ట్రాన్లు దట్టంగా పోగయ్యే పట్టీ గుజరాత్, మధ్యప్రదేశ్, బెంగాల్ మీదుగా ఉంటుంది. తెలుగు రాష్ట్రాలు ఈ రెంటి నడుమ ఉన్నాయి. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఆకాశంలో ఎలక్ట్రాన్లు అత్యధికమై సంకేతాన్ని ఆలస్యం చేస్తాయి, ఒకే ఫ్రీక్వెన్సీ వినే రిసీవర్ తన నమూనాతో దాదాపు సగం ఆలస్యాన్నే దిద్దగలదు. సూర్యుడు చురుగ్గా ఉండే ఏళ్లలో 20, 30 నానోసెకన్లు మిగలడం వింత కాదు. గది వేడి కూడా ఆ వేళకే పెరుగుతుంది కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తాయి.

విడదీసే మార్గం ఉంది. ఆరు గంటల్లో 30 నానోసెకన్ల మార్పంటే ఫ్రీక్వెన్సీలో లక్ష కోట్లలో 1.4 వంతులే, డాక్ గీత దాన్ని గట్టిగా చూపించదు. డాక్ స్పష్టంగా కదిలితే వేడి. డాక్ కదలకుండా బయటి సాక్షి మాత్రమే మధ్యాహ్నం తేడా చూపితే ఆకాశం. ప్రతిరోజూ కిందటి రోజుకన్నా సుమారు 4 నిమిషాలు ముందుగా అదే ఆకారం మళ్లీ కనిపిస్తే రెండూ కాదు, గోడల నుంచి, నీళ్ల ట్యాంకు నుంచి సంకేతం ప్రతిఫలించి యాంటెన్నాకు చేరుతోంది. ఉపగ్రహాలు నక్షత్ర దినాన్ని (23 గంటల 56 నిమిషాలు) పాటిస్తాయి, మీ ఏసీ మన గడియారాన్ని పాటిస్తుంది. ఆకాశం తప్పును పెట్టె తీర్చలేదు, యూ–బ్లాక్స్ జెడ్‌ఈడీ–ఎఫ్9టీ వంటి రెండు ఫ్రీక్వెన్సీల రిసీవర్ కావాలి.

మళ్లీ మళ్లీ జరిగే పొరపాట్లు

రోజూ మూత తెరిచి చూడడం. తెరిచిన ప్రతిసారీ నాలుగైదు గంటల లాగ్ పోతుంది. చూడవలసినది తెర మీద చూడండి.

ఒకేసారి చోటు, పెట్టె, టైమ్ కాన్‌స్టెంట్ మూడూ మార్చడం. బాగుపడితే దేనివల్లో తెలియదు, చెడితే అంతకన్నా తెలియదు.

యాంటెన్నాకు ఎండ తగులుతోందని దిగులుపడడం. 30 మీటర్ల మామూలు కేబుల్‌లో ఆలస్యం సుమారు 150 నానోసెకన్లు. ఆ ఆలస్యం డిగ్రీకి పది లక్షలలో 100 వంతులు మారుతుందనుకున్నా, 20 డిగ్రీల మార్పుకు వచ్చేది 0.3 నానోసెకన్లు. యాంటెన్నా మీద రేకు కప్పితే ఉపగ్రహాలే పోతాయి. కనెక్టరులోకి వాన నీరు దిగకుండా టేపు చుట్టండి, అది చాలు.

కరెంటు పోయి వచ్చిన గంటకే కొలతలు మొదలుపెట్టడం. ఓవెన్ చల్లారి మళ్లీ వేడెక్కిన క్రిస్టల్ సరిగ్గా పాత ఫ్రీక్వెన్సీకే రాదు, కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల దాకా నెమ్మదిగా సర్దుకుంటుంది. యూపీఎస్‌ను మొదటే కొనమన్నది ఇందుకే. ఇన్వర్టరు ఉన్నా, అది మారే క్షణంలో అడాప్టరు తడబడకుండా చూసుకోండి.

ఓవెన్ లేని రిసీవరైతే

చిన్న జీపీఎస్ మాడ్యూలును రాస్ప్‌బెర్రీ పైకి తగిలించి టైమ్ సర్వరు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. వీళ్లకు మాడ్యూలు వేడి కంటే ఆ రాస్ప్‌బెర్రీ బోర్డు మీది క్రిస్టల్ వేడి ముఖ్యం. దానికి ఓవెన్ ఉండదు. డిగ్రీకి పది లక్షలలో 0.1 వంతు కదిలితే, 5 డిగ్రీల మార్పుకు సెకనుకు అర మైక్రోసెకను తప్పుతుంది. పల్సుల లెక్కను 16 సెకన్లకొకసారి సరిచూసే క్రోనీలో (కంప్యూటర్ గడియారాన్ని దిద్దే ప్రోగ్రాం), ఆ మార్పు ఒక్కసారిగా వస్తే, మళ్లీ చూసేలోగా 8 మైక్రోసెకన్లు.

బోర్డును గాలి తగలని పెట్టెలో పెట్టండి. సొంత ఫ్యాను ఆగుతూ తిరుగుతూ ఉండే రకమైతే తీసేసి, పెద్ద హీట్‌సింక్ బిగించండి. ప్రాసెసర్ వేగాన్ని ఒకే అంకె దగ్గర కట్టేయండి. బ్యాకప్‌లు, వీడియోలు, మరే బరువు పనులూ ఆ బోర్డు మీద పెట్టకండి. గంటకొకసారి నడిచే చిన్న పని కూడా క్రోనీ ట్రాకింగ్ లాగ్‌లో గంటకొక ముల్లులా కనిపిస్తుంది. ఒక వారం లాగ్ పోగయ్యాక ఉష్ణోగ్రతకూ ఫ్రీక్వెన్సీకీ గ్రాఫు గీయండి. చుక్కలు ఒక గీత మీదికి వస్తే, ఆ గీత అంకెలను క్రోనీలోని టెంప్‌కాంప్ అనే సదుపాయానికి ఇవ్వండి, వేడి మారగానే అదే ముందుగా దిద్దుతుంది. చుక్కలు చెల్లాచెదురుగా ఉంటే టెంప్‌కాంప్ జోలికి పోకండి. అంటే సెన్సర్ చూస్తున్న వేడి వేరు, క్రిస్టల్‌కు తగులుతున్న వేడి వేరు. సెన్సర్‌ను క్రిస్టల్ పక్కకే జరిపి మళ్లీ ఒక వారం రాయించండి.